తిండి గురించి ఎవరి మాట నమ్మాలి? ముందు ‘ఎంత?’ అని అడగండి

మా అమ్మకు షుగర్ ఉందని తెలిసిన వారానికే మా ఇంట్లో రాత్రిపూట అన్నం బంద్ అయింది. బంద్ చేయించింది నేనే. ఫోన్‌లో ఒకాయన తెల్లకోటు వేసుకుని, అన్నం విషమనీ, జొన్నరొట్టె తింటే షుగర్ దానంతటదే దిగిపోతుందనీ బల్లగుద్ది చెప్పాడు. మాది దేవరకొండ వైపు, జొన్నలు తిని పెరిగిన ఊరు. రొట్టె అనేసరికి అమ్మ సంతోషంగా ఒప్పుకుంది. మూడు నెలలకు పరీక్ష చేయిస్తే షుగర్ తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగింది.

ఆసుపత్రిలో తిండి గురించి సలహాలిచ్చే మేడం రిపోర్టు చూసి వీడియో గురించి ఏమీ అనలేదు. “రాత్రి ఎన్ని రొట్టెలు తింటున్నరమ్మా? ఒక్కో రొట్టెకు పిండి ఎంత?” అని అడిగింది. అమ్మ నవ్వింది. “జొన్నరొట్టెకు లెక్కేంది బిడ్డా, ఆకలైనన్ని తింట.”

ఇంటికొచ్చి కాంటా మీద పెట్టి చూశాం. అమ్మ చేత్తో కొట్టే రొట్టె ఒక్కోటి 80 గ్రాముల పిండి. రాత్రికి మూడు, అంటే 240 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పిండిపదార్థం (ఒంట్లో షుగర్‌ను ఎక్కువగా పెంచేది ఇదే) దాదాపు 68 గ్రాములు. మూడు రొట్టెలకు లెక్క కడితే 160 దాటింది. అంతకుముందు అమ్మ రాత్రి తినే అన్నం సుమారు 150 గ్రాముల బియ్యానిది. 100 గ్రాముల తెల్లబియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, కాబట్టి ఆ అన్నంలో ఉన్నది 117. రొట్టె పేరు చెప్పి నేను అమ్మతో ఇంకా ఎక్కువ తినిపించాను.

వీడియో ఆయన పూర్తిగా అబద్ధం చెప్పలేదని కూడా తర్వాత తెలిసింది. అవే పట్టికల్లో జొన్నల్లో పీచు 10 గ్రాములు, తెల్లబియ్యంలో 3 కూడా లేదు. ప్రోటీన్ కూడా జొన్నలోనే ఎక్కువ. జొన్న మంచిదే. ఆయన చెప్పనిదల్లా ఎంత తినాలన్నది, ఎవరికి చెబుతున్నాడన్నది. అప్పటి నుంచి తిండి గురించి ఏ మాట విన్నా నేను ముందు ఈ రెండే వెతుకుతాను. ఎలా వెతకాలో కింద వరసగా చెబుతాను. ఒక నోటుబుక్కు, పెన్ను, కూరగాయలు తూచుకునే చిన్న డిజిటల్ కాంటా ఉంటే చాలు.

1. విన్న మాటను ఒక్క వాక్యంలో రాసుకోండి

ఇది తేలిక పనిలా కనిపిస్తుంది కానీ సగం పుకార్లు ఇక్కడే రాలిపోతాయి. “టైదల జావ మంచిది” అని రాయండి. (రాగులను మా వైపు టైదలు అనే అంటాం.) ఇప్పుడు దాని పక్కన ఎవరికి, రోజుకు ఎంత, ఎన్నాళ్ళు, దేనికి బదులుగా అని నాలుగు ఖాళీలు పెట్టండి. పది నెలల పాపకా, పొలం పనికి పోయే మనిషికా, షుగర్ ఉన్న అరవై ఏళ్ళ అమ్మకా? టిఫిన్‌కు బదులు తాగాలా, టిఫిన్ తిన్నాక పైనుంచి తాగాలా?

వీడియో మొత్తం చూసినా, పోస్టు మొత్తం చదివినా ఆ నాలుగు ఖాళీల్లో ఒక్కటీ నిండలేదంటే అది సలహా కాదు, పొగడ్త. దాన్ని నమ్మాలా వద్దా అని తలకాయ బద్దలుకొట్టుకోవాల్సిన పని కూడా లేదు. నిండితే రెండో మెట్టుకు పోదాం.

‘విషం’, ‘అమృతం’, ‘నూరు రోగాలకు ఒకటే మందు’, ‘డాక్టర్లు మీకు చెప్పని రహస్యం’ లాంటివి కనిపిస్తే నేనైతే అక్కడే ఆపేస్తాను. మోకాళ్ళ నొప్పులు, షుగర్, థైరాయిడ్, జుట్టు రాలడం అన్నీ ఒకే కషాయంతో పోతాయని చెప్పేవాడు నాలుగు ఖాళీలు ఎప్పటికీ నింపడు.

2. చెప్పేది ఎవరు, వీడియో కింద ఏముంది

తెల్లకోటు చూసి మోసపోయినవాణ్ణి కనుక దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

డాక్టర్ అని రాసుకున్న ప్రతివాళ్ళూ ఒకే చదువు చదివినవాళ్ళు కాదు. ఎముకల డాక్టర్‌కు ఎముకల గురించి తెలుస్తుంది. తిండి లెక్క అడగాల్సింది పోషకాహారం చదివినవాళ్ళను. ఇక ‘న్యూట్రిషనిస్ట్’ అన్న బోర్డు కట్టుకోవడానికి మూడు రోజుల ఆన్‌లైన్ క్లాసు చాలు. మన పట్టణాల్లో షేక్ పొడులు కలిపి ఇచ్చే సెంటర్లలో కూర్చునేవాళ్ళు చాలామంది నిన్నటిదాకా అక్కడే కస్టమర్లు. ‘రిజిస్టర్డ్ డైటీషియన్’ అన్నది వేరు. ఆ గుర్తింపును ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష పెట్టి ఇస్తుంది. డబ్బులు కట్టి సలహా తీసుకునేటప్పుడు “మీరు ఏం చదివారండీ?” అని అడగడం తప్పు కాదు. నిజంగా చదివినవాళ్ళకు ఆ ప్రశ్నకు కోపం రాదు.

2023 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ సోషల్ మీడియాలో ఆరోగ్య సలహాలిచ్చేవాళ్ళకు మార్గదర్శకాలు ఇచ్చింది. డాక్టర్లు, ఆరోగ్య నిపుణులు తమ అర్హత చెప్పాలి. డబ్బు తీసుకుని ఒక వస్తువును పొగిడితే ఆ మాట కూడా చెప్పాలి. అందరూ పాటిస్తున్నారని నేను అనను. కానీ అర్హత ఎక్కడా చెప్పకుండా, వీడియో కింద మాత్రం పొడి డబ్బా కొనే లింకు పెట్టినవాళ్ళు కనిపిస్తే మీకు జవాబు దొరికినట్టే. తేనె అమ్మేవాడు చక్కెరను తిడతాడు, గానుగ నూనె అమ్మేవాడు రిఫైన్డ్ నూనెను తిడతాడు. ఆ తిట్లలో నిజం ఉండొచ్చు, కానీ దాన్ని వాళ్ళ నోట వినకూడదు.

ఇంకొక్క మాట. షుగర్‌ను పూర్తిగా నయం చేస్తామని మందు ప్రకటన ఇవ్వడాన్ని ఈ దేశంలో 1954 నాటి చట్టం నిషేధిస్తుంది. ఆటో వెనక అంటించిన పోస్టర్‌కైనా, యూట్యూబ్ ప్రకటనకైనా అదే చట్టం.

3. తార్నాక వాళ్ళు ఏమంటున్నారో చూడండి

మనకున్న అదృష్టం ఏంటంటే, దేశం మొత్తానికి తిండి లెక్కలు తేల్చే సంస్థ నల్లగొండ నుంచి రెండు గంటల దూరంలో ఉంది. జాతీయ పోషకాహార సంస్థ, అందరూ ఎన్‌ఐఎన్ అంటారు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి కింద పనిచేస్తుంది. పొడులూ డబ్బాలూ అమ్మదు.

వాళ్ళవి రెండు పుస్తకాలు ఫోన్‌లో దింపుకోండి. ఒకటి 2024 మేలో వచ్చిన ‘భారతీయులకు ఆహార మార్గదర్శకాలు’. అందులో 17 సూత్రాలు ఉంటాయి. ఉచితంగానే దొరుకుతుంది. రెండోది 2017లో వచ్చిన ‘ఇండియన్ ఫుడ్ కంపోజిషన్ టేబుల్స్’, అంటే మన ఆహార పదార్థాల్లో ఏమేముందో చెప్పే పట్టికలు. దేశంలోని వేరువేరు ప్రాంతాల నుంచి నమూనాలు తెచ్చి, 528 పదార్థాల్లో ఏముందో పరీక్షించి వేసినవి. జొన్న లెక్క నేను తీసింది అందులోంచే. పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి జొన్నలను జోవార్ అని, సజ్జలను బాజ్రా అని వెతకాలి. ఇంట్లో కాలేజీకి పోయే పిల్లలుంటే వాళ్ళ చేతికి ఇవ్వండి, పది నిమిషాల్లో తీసిస్తారు.

మార్గదర్శకాల్లో ఒక రోజు పళ్ళెం లెక్క ఉంది. 2000 కిలోకేలరీలు అవసరమైన పెద్ద మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పు లేదా గుడ్డు, మాంసం 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవన్నీ వండకముందు తూకాలు. మా ఇంట్లో నేను మొదటిసారి ఈ లెక్క పెట్టిన రోజు ధాన్యం ఒక్కటే 400 దాటింది, కూరగాయలు 150 దగ్గర ఆగిపోయాయి. జొన్నా బియ్యమా అని కొట్లాడుకుంటున్నాం కానీ మా అసలు జబ్బు అక్కడ ఉంది.

అసలు పుస్తకం దగ్గర పెట్టుకోమనడానికి ఇంకో కారణం ఉంది. ఈ మార్గదర్శకాలు వచ్చిన వారం టీవీల్లో, ఫోన్లలో ‘టీ తాగొద్దు’ అని ఒకటే గోల. మా బాబాయి రెండు రోజులు టీ మానేసి తలనొప్పితో కూర్చున్నాడు. పుస్తకంలో ఉన్నది వేరు. టీ, కాఫీలు భోజనానికి గంట ముందు, గంట తర్వాత తాగకుండా ఉంటే మంచిది, వాటిలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు అని రాశారు. రక్తహీనత ఉన్న ఆడపిల్లలకు, గర్భిణులకు ఇది బంగారం లాంటి మాట. బాబాయికి నాలుగు గంటల టీతో ఏ ఇబ్బందీ లేదు. పేపర్లో ‘ఎన్‌ఐఎన్ హెచ్చరిక’ అని కనిపిస్తే హెడ్డింగు చదివి వదిలేయకండి, ఆ పేజీ తెరిచి చూడండి.

4. ప్యాకెట్ మీద తేదీ రాసే చిట్కా

ఇది ఎక్కడా చదివింది కాదు, నేను మొదలుపెట్టింది.

ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థా చెబుతుంది, ఎన్‌ఐఎన్ కూడా చెబుతుంది. రోజూ వంటింట్లో ఎవరు తూస్తారు? అందుకని ఉప్పు ప్యాకెట్ చింపిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేయండి. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు అంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. మా ఇంట్లో మొదటిసారి 28 రోజుల్లో అయిపోయింది. అది కూడా మామిడికాయ తొక్కుకు, చింతకాయ తొక్కుకు వేసిన ఉప్పు కలపకుండా!

నూనెకూ ఇదే పద్ధతి. పైన చెప్పిన పళ్ళెం లెక్కలో నూనె, నెయ్యి కలిపి మనిషికి రోజుకు 27 గ్రాములు. నలుగురికి నెలకు మూడున్నర లీటర్లకు కొంచెం అటూ ఇటూ. ఐదు లీటర్ల డబ్బా మీద తేదీ వేసి చూస్తే మీ ఇంటి సంగతి మీకే తెలుస్తుంది. ఏ నూనె మంచిదన్న వాదన దాని తర్వాత పెట్టుకోవచ్చు.

5. ప్యాకెట్ ముందు వైపు చదవకండి

ముందు వైపు రాసేది అమ్మడానికి. వెనక్కి తిప్పండి. మహబూబ్‌నగర్‌లో ఒక షాపులో అమ్మ కోసం కొన్న ‘రాగి మాల్ట్’ డబ్బా మీద రాగికంకి బొమ్మ అరచేయంత ఉంది. వెనక చిన్న అక్షరాల్లో పదార్థాల వరసలో మొదటి పేరు చక్కెర. ఏది ఎక్కువ బరువు ఉంటే దాని పేరు ముందు రాయాలన్నది నియమం. అంటే ఆ డబ్బాలో రాగుల కంటే చక్కెరే ఎక్కువ! కంకి బొమ్మ చూస్తే అది తెలియదు.

చక్కెర ఒక్కచోటే కనబడాలని కూడా లేదు. డెక్స్‌ట్రోజ్, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్ అని మూడు నాలుగు పేర్లతో విడివిడిగా రాస్తే ఒక్కోదాని బరువు తగ్గి వరసలో కిందికి పోతాయి. అన్నీ కలిపితే మళ్ళీ పైకే. ‘మల్టీగ్రెయిన్’ బిస్కెట్ తీసుకున్నా ముందు మైదా ఎక్కడుందో చూడండి.

తర్వాత పోషకాల పట్టిక. అక్కడ 100 గ్రాములకు ఎంత అన్న గడి చూడండి. ‘ఒక సర్వింగ్‌కు’ అన్న గడిలో కంపెనీ తనకు నచ్చినంత చిన్న సర్వింగ్ రాసుకుంటుంది. రెండు బిస్కెట్లతో ఆగే మనిషిని నేనింతవరకు చూడలేదు. 100 గ్రాముల్లో చక్కెర 40 గ్రాములని ఉంటే, మీరు కలుపుకునే 25 గ్రాముల పొడిలో 10 గ్రాములు. అంటే రెండు చిన్న చెంచాల చక్కెర తాగుతున్నట్టే.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అన్న గుర్తు కింద 14 అంకెల నంబరు ఉంటుంది. అది లేని ప్యాకెట్ కొనకండి. కానీ అది ఉన్నంత మాత్రాన లోపలిది ఆరోగ్యమని కాదు, తయారుచేసేవాడి పేరు, అడ్రస్ ప్రభుత్వం దగ్గర ఉన్నాయని మాత్రమే. ఊళ్ళో అక్కలు చేసే సకినాలకూ, పెద్ద కంపెనీ చిప్స్‌కూ రెండింటికీ నంబరు ఉండాల్సిందే.

పేరు కూడా ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి హైదరాబాద్‌లోనే జరిగిన సంగతి ఉంది. విరేచనాలైన పిల్లలకు ఇవ్వాల్సిన ఓఆర్‌ఎస్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ఉంది. లీటరు నీళ్ళకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మెడికల్ షాపుల్లో మాత్రం ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు పెట్టుకుని, ఆ కొలత లేని తియ్యటి పానీయాలు అట్ట డబ్బాల్లో అమ్మేవారు. అలాంటివి తాగితే విరేచనాలు ఇంకా పెరగొచ్చు. పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ఆ కొలతకు సరిపోని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాటే ఉండకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. కొనేటప్పుడు పొడి ప్యాకెట్టే అడగండి, దాని మీద ఈ నాలుగు పేర్లు, అంకెలు సరిచూసుకోండి. ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగానే దొరుకుతుంది.

6. ‘పరిశోధనలో తేలింది’ అంటే

ఏ పరిశోధన, ఎంతమంది మీద, ఎంత తినిపించారు, ఎన్ని రోజులు, చివరికి ఏం కొలిచారు? ఈ ఐదు అడగాలి. మన జిల్లా సంగతితోనే చూద్దాం.

నల్లగొండలో ఫ్లోరైడ్ కథ తెలియనివాళ్ళు ఉండరు. బోరునీళ్ళలో అది ఎక్కువై ఎముకలు వంగిపోయేవి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వంకర్లు పోయిన కాళ్ళు మన కళ్ళతో చూసినవే. “చింతపండు తింటే ఫ్లోరైడ్ పోతుంది” అని మా చిన్నప్పటి నుంచీ వింటున్నాం. దాని వెనక నిజంగానే ఒక పరిశోధన ఉంది. ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించారు. 18 మంది అబ్బాయిలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు ఇచ్చారు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ రోజుకు 3.5 మిల్లీగ్రాముల నుంచి 4.8కి పెరిగింది.

ఇప్పుడు అది ఏం చెప్పిందో, ఏం చెప్పలేదో విడదీయండి. చింతపండుతో ఫ్లోరైడ్ కొంత ఎక్కువగా బయటికి పోయిందని చెప్పింది. అప్పటికే వంగిపోయిన ఎముకలు బాగవుతాయని చెప్పలేదు, ఎందుకంటే ఎముకలను కొలవనే లేదు. బోరునీళ్ళు తాగుతూ పచ్చిపులుసు పోసుకుంటే సరిపోతుందనీ చెప్పలేదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. ఆ హద్దు లోపలున్న నీళ్ళే అసలు మందు. పచ్చిపులుసు మా ఇంట్లో వారానికి మూడుసార్లు ఉంటుంది, రుచికి.

ఎలుకల మీద, గాజుగొట్టంలో కణాల మీద చేసినవి కూడా ‘పరిశోధనలో తేలింది’ అనే వస్తాయి. అవి శాస్త్రవేత్తలకు పనికొస్తాయి, మన వంటింటికి ఇంకా టైం పడుతుంది.

7. పుకారు వచ్చినప్పుడు: ప్లాస్టిక్ బియ్యం

రేషన్ బియ్యంలో, బడి మధ్యాహ్న భోజనం బియ్యంలో కొన్ని గింజలు వేరే రంగులో కనబడి, నీళ్ళలో తేలితే ఊళ్ళల్లో ఎంత టెన్షన్ అయిందో గుర్తుందా? మా ఊళ్ళో పిల్లలను రెండు రోజులు బడిలో అన్నం తిననివ్వలేదు. అవి బలవర్ధకం చేసిన గింజలు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్ళీ గింజల్లా ఒత్తుతారు. వంద కిలోల బియ్యానికి ఒక కిలో కలుపుతారు. అందుకే గుప్పెడు బియ్యంలో కొన్ని గింజలే తేడాగా కనిపిస్తాయి. నిజంగా ప్లాస్టిక్ కలిపి మోసం చేసేవాడైతే వందకు ఒక్క గింజే ఎందుకు కలుపుతాడు? ప్లాస్టిక్ బియ్యం కంటే చవక కూడా కాదు. పుకారు వచ్చినప్పుడు ఇలా ఎవరికి లాభం, ఎంత లాభం అని లెక్క కట్టి చూస్తే చాలావాటికి కాళ్ళుండవు.

సంచి మీద ప్లస్ గుర్తు పక్కన ‘ఎఫ్’ అక్షరం ఉంటే బలవర్ధకం చేసినదని అర్థం.

8. ఊళ్ళో ఎవరిని అడగాలి

చిన్నపిల్లల తిండికి, గర్భిణుల తిండికి అంగన్‌వాడీ టీచర్. మనం ఆమెను గుడ్లు, బాలామృతం పంచే మనిషిగానే చూస్తాం. కానీ ఏ నెలలో ఏ తిండి మొదలుపెట్టాలో, బిడ్డ బరువు ఎత్తుకు సరిపోతుందో లేదో కొలిచి చెప్పే శిక్షణ ఆమెకుంది. బిడ్డను తీసుకుపోయి “గ్రాఫ్‌లో చూపించమ్మా” అని అడగండి. ఇనుము మాత్రలు ఎలా వేసుకోవాలో ఊరికొచ్చే నర్సు, అంటే ఏఎన్‌ఎం చెబుతుంది. బీపీ, షుగర్‌లకు పల్లె దవాఖానా, ఆ పైన జిల్లా ఆసుపత్రి.

జొన్నలు, సజ్జలు, కొర్రలు పండించుకోవాలన్నా, వాటితో ఏం చేసుకోవాలన్నా కృషి విజ్ఞాన కేంద్రం. నల్లగొండ వాళ్ళకు కంపాసాగర్‌లో, నాగర్‌కర్నూల్ వైపు పాలెంలో ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది.

మరి అవ్వ మాట? పుంటికూర, గంగవాయిలి కూర, చింతచిగురు పప్పు, సద్దన్నం, సల్ల విషయంలో అవ్వ మాటను నేను ఏ పుస్తకం కంటే తక్కువ చేయను. ఏ ఆకు ఎప్పుడు లేతగా ఉంటుందో పుస్తకాల్లో ఉండదు. కానీ అవ్వ గటక తిన్నది పొద్దంతా కలుపు తీసే రోజుల్లో. అదే గిన్నెడు గటక ఫోన్ పట్టుకుని కూర్చునే నాకు ఎక్కువవుతుంది. ‘మన పెద్దలు తిన్నారు’ అన్నప్పుడు వాళ్ళు చేసిన పని కూడా లెక్కలో వేయాలి.

అడగడానికి పోయేటప్పుడు ఖాళీ చేతుల్తో పోకండి. ప్యాకెట్ తీసుకుపోండి, లేకపోతే రెండు వైపులా ఫోటో తీయండి. మూడు రోజులు తిన్నవన్నీ తూకంతో రాసిన కాగితం, వాడే మందుల చీటీ దగ్గర పెట్టుకోండి. ఇంట్లో షుగర్ మిషన్ ఉంటే మీ ప్రశ్నకు జవాబు కొంత మీరే తెచ్చుకోవచ్చు. ఒక రాత్రి మూడు రొట్టెలు, ఇంకో రాత్రి అదే కూరతో ఒకటిన్నర రొట్టె తిని, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు చూసి రాయండి. మా అమ్మకు నా ఉపన్యాసాలతో ఎక్కని సంగతి ఆ రెండు అంకెలతో ఎక్కింది. ఇప్పుడు ఒకటిన్నర రొట్టె, కూరకు చిన్న కంచం పోయి పెద్ద గిన్నె వచ్చింది.

9. ఇక్కడ మాత్రం సొంత ప్రయోగాలు వద్దు

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు తిండి మార్చే ముందు డాక్టర్‌ను అడిగి తీరాలి. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి అది ప్రమాదం. షుగర్ మాత్ర వేసుకుని, వీడియో చూసి రాత్రి భోజనం మానేస్తే తెల్లారేసరికి షుగర్ పడిపోయి లేవలేకపోవచ్చు. “సహజమైనదే కదా, ఏమవుతుంది?” అని ఎవరన్నా అంటే, ఆ మనిషి మీ రిపోర్టులు చూశాడా అని అడగండి.

ఫోన్‌లో ఏఐని అడిగేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు, నేనూ అడుగుతాను. తెలుగులో బాగానే చెబుతుంది, అంకెలు కూడా ఠక్కున ఇస్తుంది. ఆ అంకె ఏ పుస్తకంలోదో అడిగి, అక్కడ ఉందో లేదో చూశాకే నోటుబుక్కులో ఎక్కించండి.

10. ఫ్యామిలీ గ్రూపులో

తప్పు సమాచారం ఎక్కువగా వచ్చేది మనకు ఇష్టమైనవాళ్ళ నుంచే. మా పెద్దమామ పొద్దున ఐదున్నరకు మొదలుపెడతాడు. ‘ఇది తప్పు’ అని గ్రూపులో అందరి ముందు రాశానంటే పండక్కి పోయినప్పుడు మొహం చూడడు. అందుకని విడిగా ఒక మెసేజ్ పెడతాను: “మామా, పెట్టింది చదివిన. రోజుకు ఎంత తినాలట? షుగర్ గోలీలు వేసుకునేటోళ్ళు గూడ తినొచ్చా?” మొదట్లో జవాబు వచ్చేది కాదు. తర్వాత “అది రాయలే” అని వచ్చింది. పోయిన నెల కాకరకాయ రసం వీడియో ఒకటి గ్రూపులో పెట్టకుండా నాకు ఒక్కడికే పంపించి, కింద రాశాడు: “ఇండ్ల గూడ ఎంతనో చెప్తలేడు.”